అన్ని అరుగుల మీదా చదివింది, మా ఇంట్లో తప్ప

మా పాప పోయిందన్న సంగతి నాకంటే ముందు ఇంకొకామెకు తెలిసింది. నేను ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సు కోసం నిలబడి ఉండాను, చేతిలో గంజి ఫ్లాస్కు. మార్చుకునే బట్టలు తీసుకుపోదామని ముందురోజు ఇంటికొచ్చినాను. ఆసుపత్రిలో పాప పక్కన, ఉదయగిరిలో అది బాడుగకుండే మిద్దింటామె ఉండింది. ఆమే ఫోను చేసింది. "యాడుండావు?" అనింది. బస్టాండులో అన్నాను. "కూర్చో ముందు" అనింది. సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. జ్వరం రక్తంలోకి పాకిందన్నారు గదా, ఇంక నిలవలా. నా బిడ్డ కడసారి పట్టుకున్న చెయ్యి నాది కాదు. కనింది మాత్రం నేను.

ఈ సంగతి మొదలే రాసేస్తా ఉండాను. ఇక మీదట రాసేదంతా ఆ మంట మీద పెట్టి వండిందే. మాడు వాసన వస్తే మీరు ఏమీ అనుకోవద్దు.

ఈ పుస్తకం వేస్తా ఉండేది మా పాపకు చదువు చెప్పిన తెలుగు సారు. "అమ్మా, మీ పాప రాసినవన్నీ ఒక పుస్తకంగా తెస్తా ఉండాం, ముందు మీరు నాలుగు మాటలు రాయండి" అని ఇంటికొచ్చి అడిగినారు. నేను అయిదో తరగతి దాకా చదివినాను. ఆ తర్వాత చదివిందంతా బైబులే. "నా మాటలు దిద్దకుండా వేస్తే రాస్తాను సార్" అన్నాను. సారు కండ్లు తుడుచుకుని, "మీ పాప కూడా ఇట్టానే అనేదమ్మా" అన్నారు. నాకు రవంత సంతోషమైంది. ఆ గుణమన్నా నా దగ్గర్నుంచి పోయిందని.

పాప ఉదయగిరి జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేది. కాంట్రాక్టు ఉద్యోగం. ఆత్మకూరు నుంచి రోజూ బస్సులో పోయి రావాలంటే నడుములు పడిపోతాయని, ఆడనే పాతూర్లో ఒక మిద్దె మీద గది బాడుగకు తీసుకునింది. కొండ మీద కోట ఉండాది గదా, సాయంత్రమైతే కొండ నీడ వచ్చి పడే సందుల్లో ఉండాది ఆ ఇల్లు. పాతకాలం సున్నపు గోడలు, రెండు రెక్కల దర్వాజా, గోడల్లో గూళ్ళు. ఇల్లుగలామె సాయిబులామె. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. నేను ఎప్పుడూ మిద్దింటామె అనే అంటాను. పాప ఖాలా అని పిలిచేది. "ఖాలా అంటే ఏందే?" అని అడిగితే, "అమ్మకు తోడబుట్టింది మా" అనింది. నాకు తోడబుట్టినోళ్ళు ఎవరూ లేరు. నన్నడక్కుండానే నాకొక అక్కను తెచ్చిపెట్టింది నా బిడ్డ.

గదిలో దించడానికి పరుపూ స్టవ్వూ మోసుకుని మొదటిసారి పోయినప్పుడు, పాప లోపలికి పోయే ముందు వాకిలి పక్క గోడకు అరచెయ్యి ఆనించి నిలబడింది. బిడ్డకు జ్వరం చూసినట్టు. "పట్టి చూడు మా, ఎండాకాలంలో కూడా ఎంత చల్లగా ఉండాదో" అనింది. నేను పట్టి చూడలా. మా కాలనీ ఇంటి స్లాబు కింద ఇన్నేండ్లు ఉడికినాం, ఆ గోడను ఎప్పుడన్నా పట్టి చూసిందా అనుకున్నాను. అప్పట్నుంచి ఏ పాత ఇంటికి పోయినా దానికి అదే అలవాటు. ముందు గోడకు చెయ్యి, తర్వాత మనుషులకు పలకరింపు.

ఆ వీధుల గురించి రాయడం ఆడ మొదలైంది. మొదట్లో సారు వాళ్ళ పత్రికకు రాసేది. అది రాసే తీరు మీకు చెప్పాల. ఒక ఇంటి గురించి రాస్తే, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఆ ఇంటోళ్ళకు గట్టిగా చదివి వినిపించాల్సిందే. వాళ్ళు ఏ మాట వద్దంటే ఆ మాట కొట్టెయ్యాల్సిందే. వాళ్ళు సరే అన్నాకే సారుకు పంపేది. "ఇంటోళ్ళ మొహం మీద చదవలేని మాట, వాళ్ళ వెనక అచ్చెయ్యకూడదు మా" అనేది.

ఒక ఆదివారం ఆరాధన అయినాక చేపల పులుసు చేసుకుని ఉదయగిరికి పోయినాను. సోమశిల చేప, పాపకు ప్రాణం. గదిలో లేదు. మిద్దింటామె చెయ్యి చూపించింది సందు చివరికి. పోయి చూస్తే చెక్క గరిటెలు చేసే ముసలాయన అరుగు మీద కూర్చుని చదవతా ఉండాది. ఆయన ఉలి ఆడిస్తా వింటా ఉండాడు. నేను గిన్నె పట్టుకుని గోడవార నిలబడినాను.

"శిథిలావస్థలో ఉన్న ఈ గృహం..." అని పాప చదివిందో లేదో, ఆయన ఉలి ఆపినాడు.

"శిథిలమంటే ఏంది మ్మా?"

"అంటే, పడిపోయింది తాతా."

"ఏది పడింది?"

"ముందు గోడ."

"ముందు గోడ పడింది. దాని వెనక మేమంతా ఉండాం. ఇప్పుడే మా కోడలు తిరగమాత పెట్టింది. నీకు వాసన రాలా?"

"వచ్చింది తాతా."

"మరి అది రాయవే. పడిందొక్కటే కనపడతాదా నీకు?"

పాప పెన్ను మూత నోట్లో పెట్టుకుని ఆ రెండు మాటలూ కొట్టేసింది. మీరు ఈ పుస్తకంలో చదవబోయేది, 'ముందు గోడ పడిపోయిన ఇల్లు. లోపల తిరగమాత వేస్తున్నారు' అని. ఆయనకు మళ్ళా చదివింది. "ఆఁ, ఇప్పుడు మా ఇల్లు" అన్నాడాయన. పాప మొహం చూడాలండీ. పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత వెలుగు లేదు. నేను పులుసు గిన్నె పట్టుకుని అట్టనే నిలబడి ఉండాను. నన్ను ఇంకా చూడనే లేదు.

ఇంకోసారి 'ఇరుకు సందులు' అని రాసింది. ఎదురింటామె ఒప్పుకోలేదంట. "ఇరుకా? మా గడపలో నుంచి చెయ్యి చాపితే ఎదురింటోళ్ళు కూరగిన్నె అందుకుంటారు. చెప్పులు కూడా ఏసుకునే పన్లా. మీ ఆత్మకూరు కాలనీలో కుదురుతాదా అది?" అనిందంట. పాప ఇది నాకు చెప్పి పడీపడీ నవ్వింది. ఆత్మకూరు కాలనీ అంటే మాదే గదా. నాకు నవ్వు రాలా.

ఒక పెద్దింటి గురించి 'ఘనమైన దర్వాజా' అని రాస్తే, ఆ ఇంటి అవ్వ, "ఘనమో గినమో, వానాకాలం వచ్చిందంటే చెక్క ఉబ్బి మూసుకోదు. కుక్క నేరుగా వంటింట్లోకి వస్తాది. కుక్కను కూడా రాయి" అనిందంట. పాప ఘనాన్ని తీసేసి కుక్కను పెట్టింది. సారు ఫోను చేసి, "చరిత్రలో కుక్క ఎందుకమ్మా?" అన్నారు. ఆ రోజు పాప నా పక్కనే ఉండాది, మా ఇంట్లో. "సార్, ఘనం మనం చూసింది. కుక్కను రోజూ తోలేది ఆ అవ్వ" అనింది. సారు ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే పంపించేది కాదు అది, నాకు తెలుసు.

ఆ పూటే నేను అడిగినాను. అన్నం పెడతా, ఊరికే అడిగినట్టు అడిగినాను.

"ఊర్లో వాళ్ళ ఇండ్లన్నీ రాస్తా ఉండావు. మన ఇల్లు రాయవా?"

"మనది పాతది కాదు గదా మా. గవర్నమెంటు స్లాబు. వరసలో ఇండ్లన్నీ ఒకటే."

"ఒకటేనా? వాళ్ళెవరికన్నా మన వరండా ఉండాదా? మీ నాయన పోయినాక ఇసక నేను మోసి కట్టించినాను."

"పాతబడనీ మా, రాస్తాను."

"అది పాతబడేదాకా నేనుండొద్దా?"

ఇద్దరం నవ్వినాం. ఇల్లూ ఉండాది, నేనూ ఉండాను.

దాని తిండి దగ్గర మాత్రం మా ఇద్దరి మధ్యా పంచాయితీ నడిచేది. అడుగున మాడిన అన్నం గీకి తినేది చిన్నప్పట్నుంచి. నేను కావాలనే రవంత మాడనిచ్చేదాన్ని. ఉదయగిరికి పోయినాక మిద్దింటామె పప్పులో మాంసం వేసి చేసే దాల్చా మరిగింది. సెలవుల్లో ఇంటికొచ్చి, "మా, ఖాలా దాల్చా తిన్నావంటే వదలవు" అనేది. ఒకసారి మా వీధిలో వాళ్ళను అడిగి నేను కూడా చేసినాను. పాప ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "పప్పు బాగుండాది మా" అనింది. పప్పంట. పొద్దుటి నుంచి పడ్డ పాటంతా ఒక్క మాటతో పప్పులో కలిపేసింది. మాటలు ఏరి ఏరి రాసే బిడ్డకు, ఆ పూట ఒక్క అబద్ధం మాట దొరకలా.

అట్టాంటి బిడ్డ అది. ఊరికే పొగిడేది కాదు, ఊరికే తీసిపారేసేది కాదు. ఎవరన్నా ఏదన్నా చెప్తే, "ఆగాగు, ఆ మాట మళ్ళా చెప్పు" అనేది. మళ్ళా చెప్పించుకుని, నోట్లోనే అనుకునేది. బస్సులో కూడా పక్కనోళ్ళ మాటలు వింటా దిగాల్సిన చోట దిగేది కాదు. నా మాటలు మాత్రం ఎప్పుడూ మళ్ళా చెప్పమనలేదు. నావి ముందే దాని నోట్లో ఉండాయేమో. ఇప్పుడట్టా అనుకుంటే నిద్ర పడతా ఉండాది.

మట్టి చేసిన రోజు ఆత్మకూరుకు మిద్దింటామె కూడా వచ్చింది. నా ఇంటి వరండాలో ఒక మూల కూర్చునింది, బురఖా ముసుగు ఎత్తి.  సమాధుల దొడ్డికి పోయేటప్పుడు మా వెనకనే నడిచి వచ్చింది. వాళ్ళల్లో ఆడోళ్ళు సమాధుల కాడికి పోరంట. గేటు బయటే ఆగిపోయింది. పాస్టరు గారు ప్రార్థన చేస్తా ఉంటే నేను తల తిప్పి చూసినాను. గేటు కమ్మీ పట్టుకుని నిలబడి ఉండాది. ఈడన్నా నేను ముందుండాను అనిపించింది. ఏడస్తా ఏడస్తానే అనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకు సారు ఫోను చేసినారు. పుస్తకానికి అన్నీ సిద్ధమైనాయి, ఒక్కటి మాత్రం ఆగింది అన్నారు. మిద్దింటి గురించి పాప రాసింది. సారుకు ఫోనులో పంపించి, కింద 'ఖాలాకు ఇంకా చదవలేదు, అప్పుడే వేయొద్దు సార్' అని పెట్టిందంట. ఆ తర్వాత జ్వరం.

"ఆమెకు తెలుగు చదవడం రాదమ్మా. పాప పద్ధతి ప్రకారం వినిపించకుండా వేయలేం. నేను పోయి చదివి వస్తాను" అన్నారు సారు.

"మీరొద్దు సార్. నేను చదవతాను" అన్నాను.

అది నా బిడ్డ పని. దాని చేతిలో నుంచి పడిపోయిన పనిని ఇంకొకరు ఎత్తుకుంటే చూస్తా ఊరుకునేదాన్ని కాదు.

సారు కాగితాల మీద అచ్చు తీయించి ఇచ్చినారు. ఉదయగిరి బస్సెక్కినాను. ముందుగానే ఒకసారి చదివి పోదామా అనుకున్నాను గానీ, పాప రాసింది బస్సులో చదివి ఏడిస్తే అందరూ చూస్తారని మడిచి పెట్టుకున్నాను. నన్ను చూసి ఆమె అరుగు తుడిచి చాప వేసింది. టీ తెచ్చి పెట్టింది. నేను కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టుకుంటా చదవడం మొదలు పెట్టినాను.

'ఈ ఇంటి దర్వాజాకు రెండు రెక్కలు. ఎడమ రెక్క తెరవరు. దాని వెనక బియ్యం డబ్బా ఉంది' అని ఉండాది. ఆమె తలూపింది. 'గోడ గూళ్ళలో ఒకప్పుడు దీపాలు పెట్టేవారు. ఇప్పుడు షుగరు మాత్రలు పెడుతున్నారు' అని ఉండాది.

"షుగరని రాసిందా?" అనింది ఆమె.

"రాసింది."

"షుగరు తీసెయ్. నాకు షుగరని ఈ సందంతా తెలుసు, నెల్లూరుక్కూడా తెలియాల్నా? మాత్రలంటే చాలు."

నేను పెన్ను తీసి షుగరు కొట్టేసినాను.  పాప చేసే పని ఇదే గదా, ఈ అరుగు మీదనే గదా. ఆమె నవ్వాపుకుంటా ఉండాది. నాకూ వచ్చింది గానీ నవ్వలా.

చివరి పేరాకు వచ్చినాను. 'సాయంత్రం కాలేజీ నుంచి నేను వచ్చేసరికి కొండ నీడ దిగి మా ఇంటి మీద...'

ఆగిపోయినాను.

పాప రాసిన మిగతావన్నీ సారు నాకు ముందే చదవమని ఇచ్చినారు. అన్నిట్లో 'తాత వాళ్ళ ఇల్లు', 'అవ్వ వాళ్ళ ఇల్లు' అనే ఉండాది. ఇంకొకరి ఇంటిని మా ఇల్లు అని ఎక్కడా రాయలా. ఆత్మకూరు ఇంటిని గురించి అసలు రాయనే లేదు.

"ఏంది ఆగినావు?" అనింది.

"చూపు ఆనలా" అన్నాను.

కొంగుతో కండ్లు తుడుచుకుని ఆ మాట చదివినాను. 'మా ఇంటి మీద పరుచుకుని ఉంటుంది. ఖాలా అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉంటుంది.' అంతటితో అయిపోయింది. ఆమె కాళ్ళకేసి చూస్తా కూర్చునింది. పెన్ను ఇంకా నా చేతిలోనే ఉండాది.

"ఈడ ఒక మాట తప్పు పడింది. కొట్టేస్తాను" అన్నాను.

"ఏ మాట?"

"మా ఇల్లు అని. దాని ఇల్లు ఆత్మకూరులో ఉండాది."

ఆమె తల ఎత్తింది. "ఇంటోళ్ళు వద్దంటేనే గదా బిడ్డ మాట కొట్టేది?"

"అవును."

"ఇంటిదాన్ని నేను. నేను వద్దన్లా."

"కనింది నేను."

"కాదన్నానా?" అనింది. గొంతు పెంచలా. "మట్టి నీకు దక్కింది. నేను గేటు బయట నిలబడినాను. దగ్గరికి పోయి చూసినానా? ఒక్కమాట అన్నానా? ఇది ఒక్కటీ నాకుండనీ చెల్లెమ్మా."

నన్ను చెల్లెమ్మా అని పిలవడం అదే మొదలు. నేను బదులుగా ఏమీ పిలవలా. పెన్నుకు మూత పెట్టినాను.

సారుకు ఆడ్నుంచే ఫోను చేసినాను. "ఒప్పుకున్నారా అమ్మా?" అన్నారు. "షుగరు అనే మాట తీసెయ్యండి. మిగతాది ఇంటామె ఒప్పుకునింది" అన్నాను. నేను ఒప్పుకున్నానా అని ఆయన అడగలా. మీరు ఆ పేజీ దగ్గరికి వచ్చినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి. ఆ మాట నేను చూసుకోక ఉండిపోలేదు. ఒప్పుకుని ఉండిపోలేదు. ఉండనిచ్చినాను, అంతే. 'ఒప్పుకోవడం' వేరు, 'ఉండనివ్వడం' వేరు. పాప ఉండుంటే ఈ తేడా నాకంటే బాగా రాసేది.

పాప సామాన్లు తెచ్చుకోవాల గదా, మిద్దె మీదికి పోయినాను. ఆమె నా వెనకనే వచ్చింది. బయట తీగ మీద పాప దుప్పటి ఎండతా ఉండాది. 

"ఉతికేసినావా?" అన్నాను. "దాని వాసనంతా పోయింటాదే."

"నేను ఉతకలా" అనింది. "ఎండకేస్తాను అంతే. సాయంత్రం మళ్ళా మంచం మీద పరుస్తాను. రోజూ."

"తీసుకుపోతాను దీన్ని" అన్నాను.

ఆమె తీగ మీద నుంచి తీసింది. నా చేతిలో పెట్టలా. ఒక పక్క కొసలు నాకిచ్చి, ఇంకో పక్క కొసలు తను పట్టుకుని వెనక్కి జరిగింది. పెద్ద దుప్పటి, ఒక్కరు మడవలేరు. ఇద్దరం లాగి పట్టుకున్నాం. ఇంక మడత వెయ్యాలంటే ఎవరో ఒకరు ఎదురు నడిచి తన కొసలు రెండోవాళ్ళ చేతిలో పెట్టాల. ఆమె కదల్లా. నేనూ కదల్లా. కొండ మీద నుంచి గాలి దిగి దుప్పటిని మా మధ్య ఉబ్బించింది. ఆమె మొహం నాకు కనపడలా. కొసల దగ్గర వేళ్ళు మాత్రం కనపడతా ఉండాయి, గట్టిగా బిగించి.